మైకు సెట్టు వాళ్ళ అమ్మాయి ఇంటర్వ్యూ

జనవరి 8

ఈ డైరీ టెంట్ల కంపెనీ వాళ్ళు మా షాపుకి ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా ఒక ప్లాస్టిక్ కుర్చీ బొమ్మ ఉంది. నాన్నకి రాసే అలవాటు లేదు, బాబాయికి ఓపిక లేదు, అమ్మ కడుపులో ఏ మాటా ఒక పూట కంటే ఎక్కువ నిలవదు కాబట్టి ఆవిడకి డైరీతో పనే లేదు. అలా ఇది నా వాటాకి వచ్చింది.

ఇవాళ గైడ్ మేడమ్ ల్యాబులో పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్ళ ఫెలోషిప్. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబు, ఉండడానికి గది, నెలనెలా ఖర్చులకి డబ్బు. ‘ఇప్పటిదాకా విశ్వవిద్యాలయాల్లో అంతగా కనబడని కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులకు’ అని రాసి ఉంది. కనబడడం సంగతేమో గానీ, వినబడడంలో మా కుటుంబాన్ని మించింది ఈ ఊళ్ళో లేదు. మాది మైకు సెట్ల షాపు. కింద షాపు, పైన ఇల్లు, ఆ పైన డాబా మీద రెండు హార్ను స్పీకర్లు.

నేను అప్లై చెయ్యను. మేడమ్ మాట కాదనలేక కాగితం మాత్రం తీసుకున్నాను.

జనవరి 9

అప్లై చెయ్యడం లేదు. ఊరికే ఇంకోసారి చదివాను. ఆ ల్యాబులో చీమ నడిచినా వినబడేంత నిశ్శబ్దమైన గది ఉందట. ఊరికే చదివాను.

జనవరి 12

ఇవాళ ఎవరిదో రిటైర్‌మెంట్ సభ. ఎప్పటిలాగే నేను చివరి వరసలో నిలబడ్డాను, నాన్న వేదిక పక్కన సౌండు మిక్సరు ముందు కూర్చున్నాడు. నేను మెడ తడుముకుంటే లావు మోత, అదే బాస్, తగ్గించాలి. జుట్టు సర్దుకుంటే సన్న శబ్దం, అదే ట్రెబుల్, పెంచాలి. చేతులు కట్టుకుంటే అంతా బాగుందని. ఒకసారి నిజంగానే జుట్టు కళ్ళలో పడి సర్దుకున్నాను, పాపం ఆ వక్త గొంతు ఈలలా అయిపోయింది. అప్పటి నుంచి సభలకి జడ గట్టిగా వేసుకుని వెళ్తున్నాను.

సభ అయ్యాక ఒకాయన నాన్న భుజం తట్టి, "మీరు కళ్ళు మూసుకుని సెట్ చేసేస్తారండీ!" అని మెచ్చుకున్నాడు. నాన్న నవ్వాడు. కళ్ళు మూసుకుంటే అసలు చెయ్యలేడని మా ఇద్దరికే తెలుసు.

నాన్నకి ఈమధ్య కాస్త పరధ్యానం, అంతే.

జనవరి 21

అప్లై చెయ్యను గానీ, రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని పరిశోధన ప్రతిపాదన ఒకటి రాశాను. సభా భవనాల్లో ప్రతిధ్వని గురించి. మేడమ్ చదివి కళ్ళజోడు తీసేశారు. ఆవిడ కళ్ళజోడు తీశారంటే మనకి మూడినట్టే.

"గోడలున్నాయి, పైకప్పు ఉంది, లెక్కలన్నీ ఉన్నాయి. ఇందులో నువ్వెక్కడున్నావ్?"

"చివరి వరసలో, మేడమ్." నోటికొచ్చేసింది.

"అక్కడేం చేస్తున్నావ్?"

బస్సులో కూర్చున్నంతసేపూ ఆ ప్రశ్న పక్క సీట్లో కూర్చునే ఉంది. ఇంటికొచ్చి షాపు మెట్ల మీద నుంచి "నాన్నా" అని పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. బల్ల మీద చెయ్యి వేశాక, ఆ కదలికకి తలెత్తి, "ఎప్పుడొచ్చావ్ పిట్టా?" అన్నాడు.

నాన్నకి సరిగ్గా వినబడడం లేదు. పరధ్యానం కాదు. మూడేళ్ళుగా ఇంతే. రాసేశాను, ఇక కొట్టెయ్యను.

జనవరి 24

ఇది బయటికి పొక్కితే షాపు ఏమవుతుంది? వంటాయనకి రుచి తెలియదంటే ఎవరైనా వంటకి పిలుస్తారా? అమ్మకి సగం తెలుసు. బాబాయికి ఎంత తెలుసో నేనెప్పుడూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇంటిల్లిపాదీ తాగుతున్నాం.

ప్రతిపాదన చింపేసి కొత్తది రాశాను. ‘శబ్ద పరికరాలతో పనిచేసేవారిలో వినికిడి నష్టం, దాన్ని ముందే గుర్తించడం.’ ఎవరి ఊసూ లేదు. లోకంలో మైకు సెట్లు పెట్టేవాళ్ళు లక్షల్లో ఉంటారు, అందులో మా నాన్నని ఎవరు పట్టుకుంటారు?

ఫిబ్రవరి 2

పంపేశాను. మేడమ్ కోసం. నాకేం ఆశ లేదు.

ఫిబ్రవరి 3

ఆశ లేదు. మెయిల్ మాత్రం చూశాను.

ఫిబ్రవరి 4

చూశాను.

మార్చి 6

ఇంటర్వ్యూకి పిలిచారు! పధ్నాలుగో తారీఖు, వీడియోలో. బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గట్టిగా అరిచాను. బయటికొచ్చాక అమ్మ, "ఎందుకే అరిచావ్, బొద్దింకా?" అంది. ఆవిడ చెవుల ముందు కుళాయిలు పనిచెయ్యవు. వీధి చివర బిస్కెట్ పాకెట్టు చింపితే మా వంటింట్లోంచి చెబుతుంది ఏ బిస్కెట్లో.

అందరికీ చెప్పాను. నాన్నకి ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా చెప్పాను.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"వస్తే రెండేళ్ళు. రాదులే నాన్నా."

"ఎందుకు రాదు? వస్తుంది. వెళ్ళు," అని లేచి కిందకి వెళ్ళిపోయాడు. కాసేపటికి నేను దిగి చూస్తే శుభ్రంగా ఉన్న మైకులన్నీ మళ్ళీ తుడుస్తున్నాడు. చివరి వరసలో ఇక ఎవరు నిలబడతారని నేను అడగలేదు, తనూ అనలేదు. ఇద్దరం కలిసి మైకులు తుడిచాం.

మార్చి 12

ఫోనులో ఇంటర్వ్యూ ఇస్తానంటే బాబాయికి తల కొట్టేసినట్టయింది.

"మైకు సెట్టు వాళ్ళ అమ్మాయి ఫోనులో గొణిగితే మన పరువేం కావాలి? మంచి మైకు పెడతా. నీ గొంతు వాళ్ళ గుండెల్లోకి దిగిపోవాలి, అంతే."

"గుండెల్లోకి అక్కర్లేదు బాబాయ్, చెవుల్లోకి చాలు."

"నువ్వూరుకో. చదువు నీది, సౌండు నాది."

మార్చి 13

బాబాయి నా గదిని మింగేశాడు. ప్రతిధ్వని రాకూడదని ఇంట్లో ఉన్న పరుపులు, దుప్పట్లు, దిండ్లు అన్నీ తెచ్చి నాలుగు గోడలకీ నిలబెట్టాడు. కిటికీలు మూసి, వాటి మీద టెంటు గుడ్డ కట్టాడు. బల్ల మీద మా షాపులోకెల్లా మంచి మైకు. మిక్సరు గరగర గదిలో వినబడకూడదని దాన్ని కింద షాపులోనే ఉంచి, తీగ పైకి లాగాడు. నాకు చెవులు మొత్తం మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు.

లోపల కూర్చుని చూశాను. నా ఊపిరి నాకే వినబడుతోంది. అమ్మ తలుపు తీసి, "వీటిని మళ్ళీ ఎప్పుడు దింపుతారు? రాత్రికి నేల మీద పడుకోవాలా?" అంది. ఇంటిల్లిపాదీ చాపల మీదే పడుకున్నాం, నా ఒక్కదాని గది మాత్రం మెత్తగా ఉంది.

మార్చి 14

ఇంటర్వ్యూ అయిపోయింది. కిందకి దిగాక తెలిసింది రాయడానికి చెయ్యి రావడం లేదు. రేపు.

మార్చి 15

రాస్తాను.

తెర మీద ముగ్గురు. మధ్యలో ఉన్నావిడే ఎక్కువ అడిగారు. నెమ్మదైన గొంతు. మొదట లెక్కలు, పరికరాలు. అవన్నీ బాగానే చెప్పాను. తర్వాత ఆవిడ, "ఎన్నో అంశాలుండగా ఇదే ఎందుకు ఎంచుకున్నారు?" అన్నారు. దీనికి జవాబు కంఠతా పట్టాను. ‘శ్రామిక ఆరోగ్యంలో వినికిడికి గల ప్రాధాన్యం’ అని మొదలవుతుంది. నోరు తెరిస్తే ఆ ‘శ్రామిక’ దగ్గరే ఆగిపోయింది.

"మా నాన్నకి వినబడదండీ," అన్నాను.

అన్నాక ఇంక ఆగలేదు. "మైకు సెట్టు మా నాన్నది. పాతికేళ్ళుగా అందరి మాటా అందరికీ వినబడేలా చేశాడు. ఇప్పుడు నేను పక్కనే నిలబడి పిలిచినా ఆయనకి వినబడదు. సభల్లో నేను వెనక నిలబడి సైగలు చేస్తే, అది చూసి సెట్ చేస్తాడు. తెలిస్తే ఎవరూ పని ఇవ్వరని దాచాం. ఆయనొక్కడే కాదు, ఈ పనిలో ఉన్నవాళ్ళంతా దాస్తారనుకుంటా. ఎదురు షాపు మావయ్య పిలిస్తే పలకడు, అందరూ పొగరనుకుంటారు. నాకు తెలుసు, అది పొగరు కాదు. ముందే పట్టుకుంటే కాపాడుకోవచ్చండీ. మా నాన్నకి ఆలస్యమైపోయింది. ఇంకొకరి నాన్నకి కాకూడదు."

ముగ్గురూ ఏదో రాసుకున్నారు. తర్వాత ఆవిడ, "మీరు ఇక్కడికి వచ్చేస్తే మీ నాన్నగారి వెనక ఎవరు నిలబడతారు?" అని అడిగారు. కొంచెం ఏడుపొచ్చింది. "తెలియదండీ. అదే తెలియడం లేదు," అన్నాను.

ఆఖర్న ఆవిడ నవ్వి, "అక్కడెవరో చప్పట్లు కొడుతున్నట్టున్నారే?" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. పరుపులు తప్ప ఎవరూ లేరు. "లేదండీ, మా ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది," అన్నాను.

హెడ్‌ఫోన్లు తీసి, తలుపు తీసి, మెట్లు దిగాను. వీధంతా మా షాపు ముందు ఉంది. కూరలవాళ్ళు, సైకిలు షాపు వాళ్ళు, పార్సిళ్ళు తెచ్చేవాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. అందరూ నన్నే చూస్తున్నారు. ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంటోంది. మధ్యలో బాబాయి తల పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉన్నాడు.

ఏం జరిగిందంటే, పొద్దున ఒక సెట్టు పరీక్షించడానికి బాబాయి డాబా మీది హార్నులని మిక్సరుకి కలిపాడు. తర్వాత నా మైకు కూడా అదే మిక్సరుకి కలిపాడు. హార్నులు విప్పడం మర్చిపోయాడు. ముగ్గురు పెద్దల ప్రశ్నలు నా చెవుల్లోకి మాత్రమే వచ్చాయి. నా జవాబులు మాత్రం వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా వెళ్ళాయి.

తర్వాత సంగతి అమ్మ చెప్పింది. ఆవిడ సరుకులు తెస్తూ మలుపులో ఉందట. "నీ గొంతు ఆకాశం నుంచి వచ్చిందే! నా చేతిలో సంచీ అక్కడే పడిపోయింది," అంది. ‘మా నాన్నకి వినబడదండీ’ అన్న మాట దగ్గర పరుగెత్తుకొచ్చింది. బాబాయి అప్పటికే షాపులో అటూ ఇటూ గెంతుతున్నాడు. హార్నుల నోళ్ళలో ఏదైనా కుక్కుదామంటే ఇంట్లో ఒక్క దిండు లేదు, అన్నీ నా దగ్గరే ఉన్నాయి.

నాన్న బల్ల దగ్గర తీగలకి అతుకులు వేసుకుంటున్నాడు. హార్నుల మోత తెలుస్తోంది గానీ మాట తెలియడం లేదు. జనం ఆగి షాపు వైపు చూస్తుంటే లేచి, "ఏమైంది?" అన్నాడు. అమ్మ ఎదురుగా నిలబడి, "పిట్ట మాట్లాడేది వీధంతా వినబడుతోంది. నీ చెవుల గురించే చెబుతోంది," అంది.

బాబాయి తీగ పీకబోయాడు. నాన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకురా. అన్నీ ఒకే తీగ మీదున్నాయి. పీకితే అక్కడ దాని మాట తెగిపోతుంది."

"అన్నయ్యా, అందరికీ తెలిసిపోతోంది! షాపు..."

"తెలియనీ. ఇంటర్వ్యూ ఆగకూడదు."

అలా బాబాయి చెయ్యి వదలకుండా, వీధి మొత్తం చూస్తుండగా, షాపు గుమ్మంలో నిలబడ్డాడట. అమ్మని తన వైపు తిప్పుకుని, "ఏమంటోందో చెప్పు," అన్నాడట. నేను పైన అన్న ప్రతి మాటా అమ్మ కింద పెదాలతో మళ్ళీ చెప్పింది. నాన్న ఆవిడ పెదాలు చూస్తూ నా మిగతా ఇంటర్వ్యూ అంతా విన్నాడు.

నేను మెట్ల మీద నిలబడిపోతే నాన్న నా దగ్గరికొచ్చి, "బాగా చెప్పావా?" అన్నాడు, ఏమీ తెలియనట్టే. తలూపాను. "తిన్నావా?" అన్నాడు. అంతే.

ఇంకెవరైనా అయితే ఏమనేవారో తెలియదు. నాకు మాత్రం వీధి మధ్యలో ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడ్చాను కూడా.

మార్చి 17

నాన్న ఆ సంగతి ఎత్తడం లేదు. నేనూ ఎత్తలేదు. కోపం వచ్చి ఉంటుంది. రాదా మరి?

మార్చి 18

ఒక స్కూలు వాళ్ళు ఫోను చేశారు. ఆటల పోటీలకి సెట్టు కావాలట. నేనే ఎత్తాను. ఇప్పుడు వద్దంటారు, ఇప్పుడు వద్దంటారు అనుకుంటూ విన్నాను.

"మీరే వస్తారు కదమ్మా? వెనక నిలబడేది మీరే కదా," అన్నారాయన.

"మీకు... ఎలా తెలుసండీ?"

"మూడేళ్ళుగా చూస్తున్నాం కదమ్మా. మీరు మెడ తడుముకోగానే బాస్ తగ్గుతుంది. మా పీఈటీ సారు ముందే కనిపెట్టారు. మీ నాన్నగారికి ఇబ్బందని మేమెవరం అనలేదు."

ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వాను. మేం కళ్ళు మూసుకుని తాగిన పాల చుట్టూ ఊరంతా కూర్చుని ఉందన్నమాట.

మార్చి 19

కానీ స్కూలుకి నన్ను రావద్దన్నాడు నాన్న. "నువ్వు చదువుకో," అన్నాడు, మొహం చూడకుండా. కోపమే.

మార్చి 22

కోపం కాదు!

స్కూలుకి నాన్న, బాబాయి మాత్రమే వెళ్ళారు. మనసాగక అమ్మని వెనకాల పంపించాను. సాయంత్రం తిరిగొచ్చి ఆవిడ నవ్వలేక, చెప్పలేక, గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

నాన్న ఒక్కడే సెట్ చెయ్యడం అలవాటు చేసుకుందామని వెళ్ళాడట. "అది వెళ్ళాక ఎలాగూ చేసుకోవాలి కదా," అని బాబాయితో అన్నాడట. హెడ్‌మాస్టరు గారు "ప్రియమైన విద్యార్థులారా" అనగానే మైకు కుయ్యిమని కూత పెట్టింది. నాన్న తల వంచుకుని ఏవేవో తిప్పాడు. కూత ఇంకా పెరిగింది. అప్పుడు మైదానంలో కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరూ మెడ తడుముకోవడం మొదలెట్టారట. కాసేపటికి స్కూలు స్కూలంతా మెడలు తడుముకుంటోంది. హెడ్‌మాస్టరు గారు కూడా. నాన్న తలెత్తి చూసి, ముందు బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వాడట.

"మరి కూత ఎలా ఆగింది?" అన్నాను.

"వాళ్ళదంతా తప్పే. తగ్గించాల్సింది బాస్ కాదు, పైన కీచుమనేది. నేను వెనకాల నిలబడి ఇలా చూశా." అమ్మ కనుబొమలు ఎగరేసి, నేను చిన్నప్పుడు చుట్టాల ముందు అల్లరి చేస్తే చూసిన చూపు చూసింది. "ఒక్క చూపుకే మీ నాన్న సరిగ్గా తిప్పాడు."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ చూపుకి తిరగనిది మా ఇంట్లో ఏదీ లేదు. ఇన్నాళ్ళూ నేను మెడా జుట్టూ అంటూ అనవసరంగా కష్టపడ్డాను.

చివరి వరసలో ఎవరు నిలబడతారన్నది తేలిపోయింది. నా గుండెల మీంచి ఒక హార్ను దింపినట్టుంది.

మార్చి 25

డబుల్ బాస్ వచ్చాడు. అంటే ఎదురు మైకు షాపాయన. అన్ని పాటల్లోనూ బాసే వినిపిస్తాడని ఆ పేరు. నాన్నకీ ఆయనకీ పోటీ, మాటల్లేక చాలా కాలమైంది. షాపులోకొచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు పొగరు లేదని హార్నులో చెప్పావట."

"తప్పయిపోయింది మావయ్యా. అది వినబడుతుందని నాకు..."

"ఏంటీ?"

గట్టిగా చెప్పాను.

"తప్పేం లేదు. పాతికేళ్ళుగా నన్ను పలకరించనివాళ్ళంతా ఇప్పుడు వచ్చి చెవి దగ్గర అరుస్తున్నారు. ప్రాణం తోడేస్తున్నారు. కానీ బాగుందిలే." కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఆ ఇంటర్వ్యూలో ఏదో పరీక్ష అన్నావటగా, చెవులకి. అది నాకు చేస్తావా? మీ నాన్నకి చెప్పకు."

నాన్న ఆయన వెనకే అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. నేనే నాన్న భుజం తట్టి, చెవి చూపించి సైగ చేశాను. ఆయన ఇటు తిరిగి వచ్చి, డబుల్ బాస్ పక్కన కూర్చుని, "కుడా, ఎడమా?" అని అడిగాడు.

"కుడి ఎక్కువ. నీకు?"

"రెండూ."

"పిట్ట కొంచెం, కూత ఘనం అంటే ఇదేనయ్యా," అన్నాడు డబుల్ బాస్ నన్ను చూపించి. "ఒక్క కూతకి మనిద్దరి బండారం బయటపడింది."

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినబడక, అరుచుకుంటూ టీ తాగారు. దారిన పోయేవాళ్ళు మళ్ళీ పోట్లాడుకుంటున్నారనుకుని ఆగి చూశారు.

ఏప్రిల్ 2

మేడమ్ ల్యాబు నుంచి వినికిడి పరీక్ష యంత్రం ఇప్పించారు. "ఫెలోషిప్ వచ్చినా రాకపోయినా నీ పని మొదలైపోయింది," అన్నారు. ఈసారి కళ్ళజోడు తియ్యలేదు, బతికిపోయాను.

పరుపుల గది అలాగే ఉంది. అంత నిశ్శబ్దమైన చోటు ఈ చుట్టుపక్కల లేదు. డబుల్ బాస్, జెనరేటర్ ఆయన, బ్యాండులో డప్పు వాయించే ఇద్దరన్నదమ్ములు, ఇలా ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. ఎవరికి వారు తమ ఒక్కరికే ఉందనుకున్నారట ఇన్నాళ్ళూ. పద్ధతి తేలికే. హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి, చిన్న శబ్దం వినబడితే వేలెత్తాలి. నమ్మకం కుదరడానికి ప్రతి శబ్దాన్నీ రెండుసార్లు వినిపించి చూడాలి.

తేలికే గానీ అందరూ మోసగాళ్ళే. నా చెయ్యి మీట మీదికి వెళ్ళడం చూసి వేలెత్తేస్తున్నారు. డబుల్ బాస్ అయితే నేను యంత్రం ఆన్ చెయ్యకముందే ఎత్తాడు. అమ్మ టెంటు గుడ్డ ముక్కతో నాకూ వాళ్ళకీ మధ్య ఒక తెర కట్టింది. అప్పుడు గానీ నిజాలు బయటపడలేదు.

ఏప్రిల్ 9

ఫలితాలు ఈ నెలలోనే వస్తాయట. నాకేం తొందర లేదు.

ఏప్రిల్ 10

మెయిల్ పనిచేస్తోందో లేదోనని నాకు నేనే ఒకటి పంపుకున్నాను. పనిచేస్తోంది.

ఏప్రిల్ 13

వీధిలో నన్ను చూసిన ప్రతివాళ్ళూ, "వచ్చిందా?" అని అడుగుతున్నారు. ఇంటర్వ్యూ అందరూ కలిసి ఇచ్చాం కాబట్టి ఆ హక్కు వాళ్ళకుంది. కూరలావిడ నిన్న, "ఆ మూడో ప్రశ్నకి ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సిందమ్మా," అంది. ప్రశ్న ఆవిడ వినలేదు, అయినా అంది.

నాన్న మాత్రం అడగడు. పరీక్షకి కూడా కూర్చోవడం లేదు. "ముందు అందరిదీ కానీ," అంటాడు.

ఏప్రిల్ 18

ఇవాళ కూర్చున్నాడు. అమ్మ చూసిన చూపుకి.

హెడ్‌ఫోన్లు నేనే పెట్టాను. తల వెనక జుట్టు పల్చబడింది, ఎప్పుడూ గమనించలేదు. తెర ఇవతలికి వచ్చి కూర్చున్నాను. ఆయనకి నేను కనబడను, నాకు మాత్రం తెర అంచు నుంచి ఆయన కుడి చెయ్యి కనబడుతుంది, మోకాలి మీద.

లావు శబ్దాలకి వేలు లేచింది. సన్నవాటికి లేవలేదు. ఇంకొంచెం పెంచాను, లేవలేదు. ఇంకా పెంచాక నెమ్మదిగా లేచింది. నేను అనుకున్నదానికంటే నయమే. గీతలు గీసుకుంటూ వెళ్ళాను. కళ్ళు మసకబారుతుంటే తుడుచుకుని గీశాను.

ఎడమ చెవి సగంలో ఉండగా నా ఒళ్ళో ఫోను కదిలింది. పరీక్ష మధ్యలో చూడకూడదు. చూశాను.

‘ఎంపికైనట్టు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము’ అని ఉంది. కింద నా పేరు. మళ్ళీ చదివాను. నా పేరే. ఆ కింద ఒక వాక్యం, మధ్యలో కూర్చున్నావిడ విడిగా రాసింది: ‘మీ నాన్నగారికీ, ఆ చప్పట్లు కొట్టినవారికీ మా అభినందనలు చెప్పండి.’

లేచి అరవాలనిపించింది. డాబా ఎక్కి హార్నుల్లో చెప్పాలనిపించింది. అమ్మ వంటింట్లో ఉంది, బాబాయి బయట లారీకి సెట్టు ఎక్కిస్తున్నాడు. కానీ ఈ మాట ఎవరి కంటే ముందు ఎవరికి చెప్పాలో నాకు తెలుసు. పెదాలు చూపించకుండా, సైగ చెయ్యకుండా, చెవిలో చెప్పాలి.

ఈ యంత్రానికి ఒక చిన్న మైకు ఉంది. దాని మీట నొక్కితే పరీక్ష చేసేవాళ్ళ గొంతు హెడ్‌ఫోన్లలోకి వెళ్తుంది. నాన్నకి ఎంత ధ్వని కావాలో ఇప్పుడు నా చేతిలో కాగితం మీద ఉంది. అంతకి తిప్పాను. మీట నొక్కాను.

"నాన్నా, ఫెలోషిప్ వచ్చింది," అన్నాను, నా మామూలు గొంతుతో.

మోకాలి మీద చెయ్యి అలాగే ఉంది. వినబడలేదేమో, ధ్వని ఇంకొంచెం పెంచాలేమో అనుకుంటున్నాను. అప్పుడు వేలు లేచింది. నిటారుగా ఉంది.

పద్ధతి ప్రకారం రెండోసారి వినిపించి చూడాలి కదా. మళ్ళీ నొక్కి, "నాన్నా, నాకు ఫెలోషిప్ వచ్చింది," అన్నాను.

ఈసారి రెండు చేతులూ పైకి లేచాయి.